తలుపు బయటి బల్ల

నా పని షెడ్డులో కిటికీ పక్కన మేకుకి ఒక కర్ర కంపాస్ వేలాడుతూ ఉంటుంది. బడిలో బోర్డు మీద సున్నాలు గీసే పెద్ద కంపాస్. ఒక కాలికి సైకిలు ట్యూబు ముక్క, రెండో కాలికి సుద్దముక్క దూర్చే రేకు గొట్టం. చూసినవాళ్ళు అమ్ముతావా అని అడుగుతారు. నాది కాదు, జబ్లోన్ ఒంబోంగి మాస్టారిది అని చెప్తాను. ఇరవై నాలుగేళ్ళ కిందట రిపేరుకని ఇచ్చి వెళ్ళారు. దానికి ఏ రిపేరూ లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

న్యామొతారో కొండ మీది మా మగపిల్లల బడికి లెక్కల మాస్టారుగా వచ్చినప్పుడు ఆయనకి ఇరవై ఆరేళ్ళు. నేను అప్పటికే అక్కడ వడ్రంగిని. వచ్చిన మొదటి వారమే నా షెడ్డుకి వచ్చి, గోడకి ఆనించిన చెక్కల్ని ఒక్కొక్కటీ వేలితో తట్టి చూశారు.

"మేస్త్రీ, బడిలో ఉన్న కంపాస్‌తో గీస్తే సున్నా మూతి కలవడం లేదు. బయల్దేరిన చోటికి తిరిగి రాదు. వేలెడు తేడా వస్తోంది."

"తప్పు కంపాస్‌దా, చేతిదా?"

"అది తేల్చుకోవడానికే నీ దగ్గరికొచ్చాను. నువ్వు మంచిది చెయ్యి. అప్పుడు కూడా కలవకపోతే తప్పు నాదేనని నలుగురిలో ఒప్పుకుంటాను."

ఒకే సిల్వర్ ఓక్ చెక్కలోంచి రెండు కాళ్ళూ కోశాను. రెండూ ఒకే చెక్కవైతే వానాకాలం ఉబ్బినా రెండూ ఒకలాగే ఉబ్బుతాయి. పైన బోల్టు వేసి, కాళ్ళ మధ్య నా పాత చెప్పు తోలు గుండ్రంగా కత్తిరించి పెట్టాను. తోలు లేకపోతే గీస్తూండగానే కాళ్ళు జారతాయి. ఆ బిగువు కుదరడానికి మూడుసార్లు విప్పి బిగించాల్సి వచ్చింది. మాస్టారు నా షెడ్డు తలుపు మీదే సున్నా గీశారు. మూతి కలిసింది. చాలాసేపు దాన్నే చూసి, "అయితే తప్పు నాది కాదన్నమాట" అని, చెయ్యి తుడుచుకుని వెళ్ళిపోయారు. సుద్ద చెరిగిపోకుండా నేను దాని మీద వార్నిష్ పూశాను. ఆ సున్నా చాలా ఏళ్ళు ఆ తలుపు మీద ఉంది.

నా షెడ్డుకీ, బడిలో ఆఖరి తరగతి అయిన నాలుగో ఫారం గదికీ మధ్య పది అడుగులు. చిత్రిక పడుతూ ఆయన పాఠాలు వినేవాణ్ణి. పాఠం కంటే నవ్వులే ఎక్కువ వినబడేవి. ముప్ఫై ఏళ్ళు నిండకముందే పిల్లలు ఆయన్ని తాతా అని పిలవడం మొదలెట్టారు. మాలో తాతకీ మనవడికీ మధ్య ఏ మాటైనా చెల్లుతుంది. మనవడు తాత బట్టతలని వెక్కిరించొచ్చు, తాత మనవడికి లేని పెళ్ళాం మీద జోకులెయ్యొచ్చు. తండ్రీకొడుకుల మధ్య అలా చెల్లదు. అక్కడ సిగ్గు ఉంటుంది. సున్తీ అయి కొడుకు వేరే గుడిసెలో పడుకోవడం మొదలెట్టాక తండ్రి ఆ గుమ్మం తొక్కడు. పనుంటే బయట నిలబడి దగ్గుతాడు. తాతైతే నేరుగా లోపలికి పోయి మంచం మీద కూర్చుని నశ్యం అడుగుతాడు.

మాస్టారు హాస్టలుకి అలాగే పోయేవారు. సాయంత్రం పూట ఎవరి మంచం మీదో కూర్చుని, ట్రంకు పెట్టె మూత మీద సుద్దతో లెక్క చేసి చూపించేవారు. అప్పటి వైస్ ప్రిన్సిపాల్ ఒందేరి మాత్రం ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా హాస్టల్ గుమ్మం దాటలేదు. పొద్దున్నే బయట నిలబడి కర్రతో రేకు గోడని బాది పిల్లల్ని లేపేవారు. ఆయన బద్ధకం అంతే అనుకునేవాళ్ళం అందరం. మాస్టారైతే, "లోపలేముందో చూడని తనిఖీ ఏం తనిఖీ?" అని నా దగ్గర నవ్వేవారు.

మాస్టారు కంపాస్ నాకిచ్చి వెళ్ళిన ఏడు నాలుగో ఫారంలో ముప్ఫై ఎనిమిది మంది. వాళ్ళలో మోసేటి అని పొడుగ్గా ఉండే కుర్రాడు. చివరి బెంచీ. తాతని ఏడిపించడంలో వాడి తర్వాతే ఎవరైనా. మాస్టారు సున్నా గీసి ఇటు తిరగ్గానే వాడి గొంతు లేచేది.

"తాతా, ఇవాళ కూడా కోడిగుడ్డే పెట్టావు. పొదిగిస్తే పిల్ల లేస్తుంది."

"నీ బుర్రలో పొదిగిద్దాం రా మనవడా. అక్కడ వేడీ ఉంది, బోలెడంత ఖాళీ కూడా ఉంది."

గదంతా నవ్వులు. నాకు మాత్రం ఆ గుడ్డు మాట వినబడినప్పుడల్లా కాస్త రోషంగా ఉండేది. ఆ కంపాస్‌తో గీసినది గుడ్డులా ఎందుకుంటుంది? వేళాకోళమే కదా అని ఊరుకునేవాణ్ణి.

మే నెలలో బడి తెరిచేసరికి ఒందేరి పదవీ విరమణ చేశారు. ప్రిన్సిపాల్ ఒగారో ఒంబోంగి మాస్టారిని పిలిచి సంగతి చెప్పాడు. ఈ టర్మంతా వైస్ ప్రిన్సిపాల్ పని చేసి చూడు, ఆగస్టు సెలవుల లోపు కాగితం మీద సంతకం పెట్టు, లేదా వద్దని చెప్పు. సంతకం పెడితే నీ క్లాసులకి కొత్త టీచరు వస్తారు. వద్దంటే బయటినించి ఎవర్నో తెచ్చుకుంటాం, నీ సుద్దముక్క నీకుంటుంది.

మాస్టారు ఆ మధ్యాహ్నం తాళాల గుత్తి నడుముకి కట్టుకుని, ఒందేరి వదిలిపోయిన బెత్తం పట్టుకుని నా షెడ్డుకొచ్చారు.

"ఏం చేస్తారు మాస్టారూ?"

"రెండూ చేస్తాను. పొద్దున గంటా, హాజరూ, తగువులూ. తర్వాత నా పిల్లలు. ఒగారోకి ఆగస్టులో అదే చెప్తాను, క్లాసు వదలనని. తాత ఎక్కడికి పోతాడు మేస్త్రీ?"

"ఆయన ఒప్పుకుంటాడా?"

"పిల్లలు ఒప్పుకుంటే ఆయనెందుకు ఒప్పుకోడు?"

పిల్లలు ఒప్పుకోలేదు. నోరు తెరిచి వాళ్ళేమీ అనలేదు. మొదటి వారంలోనే కుళాయి దగ్గర గోల చేస్తున్నవాళ్ళు ఆయన్ని చూడగానే ఆగిపోవడం మొదలైంది. తాతా అన్న పిలుపు పోయి సార్ వచ్చింది. ఒకరోజు క్లాసులో సున్నా గీసి, ఇటు తిరిగి, ఆయన ఊరికే నిలబడ్డారు. నా కిటికీలోంచి కనబడుతోంది. గుడ్డు మాట కోసం చూస్తున్నారని అర్థమైంది. ఎవరూ పలకలేదు. చివరికి ఆయనే అడిగారు.

"ఏం రా మోసేటీ, ఇవాళ గుడ్డా కాదా?"

వాడు లేచి నిలబడ్డాడు. అంతకుముందు ఎప్పుడూ లేచేవాడు కాదు.

"బాగుంది సార్."

ఆ మధ్యాహ్నం మాస్టారు నా షెడ్డులో కూర్చుని టిఫిన్ డబ్బా మూత తీశారు. మొక్కజొన్న ముద్ద, వాయింటాకు కూర. రెండు ముద్దలు తిని మూత పెట్టేశారు.

"చచ్చిన తాత మీద కూడా ఇంతకంటే ఎక్కువ జోకులేస్తారు మేస్త్రీ."

"బెత్తం పట్టుకు తిరిగేవాడి మీద ఎవరేస్తారు?"

"ఎవరి మీదైనా ఎత్తానా?"

"ఎత్తలేదు. చేతిలో ఉంది కదా."

ఆయన బెత్తాన్ని నా చెక్కల మధ్య గుచ్చేసి వెళ్ళిపోయారు. సాయంత్రం మళ్ళీ వచ్చి తీసుకెళ్ళారు.

జూన్‌లో ఒక శుక్రవారం పొద్దున తనిఖీ. ఒందేరిలా బయట నిలబడి రేకులు బాదడం ఆయనకి నచ్చలేదు. తాను మారలేదని పిల్లలకి చూపిద్దామనుకున్నారు. తలుపు తోసుకుని నాలుగో ఫారం హాస్టల్ షెడ్డులోకి పోయి, మోసేటి మంచం మీద కూర్చుని, వాడి దుప్పటి అంచు ఎత్తి, "ఏం మనవడా, దీని కింద ఎవర్ని దాచావు?" అన్నారు.

పోయినేడు అదే మాట అంటే పైకప్పు ఎగిరేలా నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఒక్కడూ నవ్వలేదు. తువ్వాళ్ళు కట్టుకున్నవాళ్ళు, చొక్కా సగం తొడుక్కున్నవాళ్ళు, తలలు దించుకుని అవతలి తలుపులోంచి ఒక్కొక్కరే జారుకున్నారు. మాస్టారు ముప్ఫై ఎనిమిది ఖాళీ మంచాల మధ్య దుప్పటి అంచు పట్టుకుని మిగిలిపోయారు.

పది గంటలకల్లా పరుపులన్నీ గడ్డి మీదికొచ్చాయి. ముప్ఫై ఎనిమిది పరుపులు, వరసగా, కొలిచి పెట్టినట్టు. పిల్లలు క్లాసుకి వచ్చారు, రాసుకున్నారు, అడిగినదానికి జవాబు చెప్పారు. పరుపుల సంగతి ఎత్తితే నేల చూశారు. ఇక ఆ షెడ్డులో పడుకోరని మాత్రం అర్థమైంది.

ఒగారో మండిపడ్డాడు. "ఇది సమ్మె. అందర్నీ ఇళ్ళకి పంపేస్తాను. తండ్రుల్ని వెంటబెట్టుకుని వస్తేనే లోపలికి."

"సాయంత్రం దాకా ఆగండి" అన్నారు మాస్టారు. "తప్పేమిటో నాకింకా తెలియలేదు."

తిన్నగా నా దగ్గరికొచ్చారు. బడి గంట కొట్టే ముసలి ఒంచిరి అప్పటికే అక్కడున్నాడు, పారకి కొత్త కర్ర కామా వేయించుకుంటూ. డెబ్భై దాటినవాడు, మా అందరికీ పెద్దదిక్కు. మాస్టారి మొహం చూసి ముసలాయనే మొదలెట్టాడు.

"ఏం నాయనా, నీ పిల్లలు పొలంలో కాపరం పెట్టారట."

"నేనేం చేశాను తాతా? రోజూ చేసేదే కదా చేశాను."

"నువ్వు వాళ్ళకేమవుతావు?"

"తాతని. పన్నెండేళ్ళుగా తాతనే."

"ఏప్రిల్ దాకా. ఇప్పుడు వాళ్ళలో ఒకడికి జ్వరమొస్తే ఇంటికి పోవడానికి ఎవర్నడగాలి?"

"నన్ను."

"తప్పు చేస్తే ఎవరి ముందు నిలబడాలి?"

"నా ముందే."

"వంటింట్లో గింజలున్నాయో లేవో చూసేదెవరు? అట్లాంటివాణ్ణి మన ఇళ్ళల్లో ఏమంటారు?"

మాస్టారు నడుముకున్న తాళాల గుత్తిని చేతిలోకి తీసుకున్నారు.

"రేపు నీ కొడుక్కి గుడిసె వేస్తావు. అందులోకి పోయి దుప్పటెత్తి ఆ మాట అంటావా?"

"అనను."

"ఒందేరికి బద్ధకమని నవ్వుకున్నారు మీరంతా. ఆయన గుమ్మం బయట నిలబడింది కాళ్ళు నొచ్చి కాదు."

కామా బిగించి పార ఇచ్చాను. ఒంచిరి దాన్ని భుజాన వేసుకుని లేచాడు. తండ్రి తప్పు చేస్తే కొడుకుతో తండ్రి నేరుగా మాట్లాడడు. మధ్యలో తాత పోతాడు. అది ఎవరూ చెప్పనక్కర్లేదు. ముసలాయన కొండ దిగువన పిల్లల మధ్య కూర్చోవడం కనబడింది. కాసేపటికి అటునించి నవ్వు వినబడింది. మాస్టారు ఆ నవ్వుని నిలబడి విన్నారు. ఆ మొహం నాకింకా గుర్తే.

ఒంచిరి తిరిగొచ్చి, "గుమ్మం ఇక తొక్కనని చెప్పాను, నీ మాటగా. నువ్వు బయట ఉంటే వాళ్ళే బయటికొస్తారట" అన్నాడు.

మాస్టారు నా వైపు తిరిగారు. "మేస్త్రీ, ఒక పీట చేసిపెట్టు. ఒక్కడు కూర్చునేది చాలు. ఆ తలుపు బయట వేసుకుంటాను. ఒందేరిలా నిలబడి రేకులు బాదలేను."

ప్రిన్సిపాల్ పుస్తకాల అలమర కోసం దాచిన పలక ఒకటుంది. మూడడుగులు. దాన్ని కోసి పీట చెయ్యబుద్ధి కాలేదు. పొడుగు అలాగే ఉంచి, నాలుగు కాళ్ళూ కాస్త బయటికి వాల్చి, మేకు లేకుండా చిల్లుల్లో దిగ్గొట్టి, అంచులు గుచ్చుకోకుండా చిత్రిక పట్టాను. సాయంత్రం అన్నాల గంటకి ముందే తీసుకెళ్ళి తలుపు పక్కన, ఎదుటి కొండ వైపు మొహం వచ్చేలా వేశాను. మాస్టారు చూశారు.

"ఇది ఇద్దరు కూర్చునేదిగా?"

"పలక అంత పొడుగుంది."

ఆయన ఎడమ చివర కూర్చుని చూశారు. పొద్దుగూకే లోపు పరుపులు లోపలికి పోయాయి.

అప్పటినించి రోజూ తెల్లారగానే ఆ బల్ల మీద కూర్చుని దగ్గేవారు. పిల్లలు ఒక్కొక్కరే బయటికొచ్చి, పేరు పలికి, ముందుకి సాగేవారు. పక్కన ఎవరూ కూర్చోలేదు. మూడు వారాలు అంతే. ఈ లోపు క్లాసు కూడా అలాగే సాగింది, నిశ్శబ్దంగా. జూలై సగానికొచ్చింది. సంతకం పెట్టనని చెప్పేస్తానని ఆయన నాతో రెండుసార్లు అన్నారు.

"వద్దంటే మళ్ళీ తాతనవుతాను కదా మేస్త్రీ?"

"ఏమో మాస్టారూ. విప్పిన బోల్టు మళ్ళీ బిగించొచ్చు. తోలు మాత్రం ముందులా పట్టదు."

జూలైలో ఒక పొద్దున హాస్టల్ తలుపు బందు ఊడిందంటే పోయాను. నేను తలుపు వెనక మోకాళ్ళ మీద ఉన్నాను. మాస్టారు బల్ల మీద ఉన్నారు. అందరూ వెళ్ళాక మోసేటి ఒక్కడూ మిగిలి, కొంచెంసేపు అటూ ఇటూ కదిలి, బల్ల రెండో చివర కూర్చున్నాడు. ఇద్దరూ కొండ వైపు చూస్తున్నారు. మొహాలు చూసుకోనక్కర్లేదు.

"సార్, ఒకటి చెప్పాలి."

"చెప్పు."

"నాకు బోర్డు కనబడదు సార్."

"ఇవాళా?"

"మొదటి ఫారం నించీ. దగ్గర కాగితం కనబడుతుంది. బోర్డు మీద తెల్లగా మసక తప్ప ఏమీ తెలీదు. పక్కవాడి పుస్తకంలో చూసి రాస్తాను. నవంబరు పరీక్షలో పక్కవాడుండడు కదా సార్."

మాస్టారు ఒళ్ళోని హాజరు పుస్తకం మూసేశారు. నేను సుత్తి కింద పెట్టేశాను.

"కోడిగుడ్డు అన్నావు కదా రోజూ" అన్నారు మాస్టారు.

"నాకలాగే కనబడేది సార్. సాగిపోయి."

"రెండేళ్ళు నా క్లాసులో కూర్చున్నావు. నాతో ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదురా?"

మోసేటి ఆ ప్రశ్నకి ఆశ్చర్యపోయాడు. గొంతులో తెలిసింది.

"తాతతో అలాంటివి ఎవరు చెప్తారు సార్? తాతని నవ్విస్తాం. కష్టం నాన్నకి చెప్పుకుంటాం."

ఆ మధ్యాహ్నమే మాస్టారు వాణ్ణి మిషన్ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రెండు వారాల తర్వాత సీసా అడుగుల్లాంటి అద్దాలొచ్చాయి. అద్దాలు పెట్టుకున్న మొదటి రోజు వాడు నా షెడ్డు ముందు ఆగి, తలుపు మీది పాత సున్నా చుట్టూ ఒకసారి వేలు తిప్పి వెళ్ళాడు.

టర్మ్ ఆఖరి వారంలో మాస్టారు నా దగ్గర కూర్చున్నారు.

"రెండేళ్ళు ఆ మాటకి నవ్వాను మేస్త్రీ. తిరిగి జోకేశాను కూడా. నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను. వాడు ప్రతిరోజూ నాతో నిజమే చెప్పాడు. ఆ ముప్ఫై ఎనిమిది మందిలో ఇంకెవడు ఏం చెప్పాడో, నేను దేనికి నవ్వానో."

"మీరు తాతగా ఉన్నారు కాబట్టే లెక్కలంటే వాళ్ళకి భయం పోయింది."

"పోయింది. అది ఇంకొకరు కూడా చెయ్యగలరు. కొత్తగా వచ్చేవాళ్ళు కుర్రవాళ్ళే వస్తారు, తాతలవుతారు. ఆ బల్ల మీద మాత్రం ఎవడో ఒకడు కూర్చోవాలి."

సంతకం పెట్టేశారు. క్లాసు కూడా కావాలని ఒగారోని అడగలేదు.

ఆఖరి పాఠం నేను పని ఆపి విన్నాను. ఆయన సున్నా గీశారు. మూతి కలిసింది. ఇటు తిరిగారు. మోసేటి లేచి నిలబడి, అద్దాలు పైకి తోసుకుని, బోర్డు వైపు చాలాసేపు చూశాడు.

"గుండ్రంగా ఉంది సార్" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. మాస్టారు తలూపి, కంపాస్ మడిచి, గది దాటి తిన్నగా నా దగ్గరికొచ్చారు.

"బిగువు తగ్గినట్టుంది మేస్త్రీ. చూసి పెట్టు. కావాలన్నప్పుడు తీసుకుంటాను."

తెరిచి చూశాను. బిగువు ఎలా ఉండాలో అలాగే ఉంది. "చూస్తాను" అని మేకుకి తగిలించాను.

ఇరవై రెండేళ్ళు వైస్ ప్రిన్సిపాల్‌గా చేశారు. ప్రిన్సిపాల్ పని రెండుసార్లు ఇస్తామంటే వద్దన్నారు. కొత్త లెక్కల టీచర్లు వచ్చారు, పోయారు. వాళ్ళలో ఒకమ్మాయిని పిల్లలు అమ్మమ్మా అని పిలిచేవాళ్ళు. ఆ గదిలోంచి నవ్వులు వినబడినప్పుడు మాస్టారు తాళాల గుత్తి చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుని నా కిటికీ దగ్గర నిలబడేవారు. కాసేపు విని, "వృత్తాల పాఠం, అయిపోవచ్చింది" అనేవారు. కంపాస్ వైపు చూసేవారు కానీ ఎప్పుడూ అడగలేదు. ఏడాదికోసారి దాని బోల్టుకి నూనె వేశాను. బల్ల కాళ్ళు రెండుసార్లు మార్చాను. పలక మాత్రం అదే. రెండు చోట్ల గుంటలు పడ్డాయి, ఇద్దరు కూర్చునే చోట్ల. ఎడమ వైపుది మాస్టారిది. కుడి వైపుది ఎంతమందిదో లెక్క లేదు.

రెండేళ్ళ కిందట ఆయన పదవీ విరమణ రోజున పాత పిల్లలు చాలామంది వచ్చారు. మోసేటి వచ్చాడు, భూముల కొలతల ఆఫీసులో పెద్ద పనిలో ఉన్నాడు. అద్దాలు ఇప్పుడు సన్నవే. ఆరేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. మాస్టారి ముందు చేతులు కట్టుకుని, నలభై ఏళ్ళ మనిషి, నేల చూస్తూ పలకరించాడు. ఇద్దరూ వానల గురించీ టీ తోటల గురించీ మాట్లాడుకున్నారు.

ఆ పిల్ల మాత్రం నా షెడ్డంతా కలియదిరిగి, మేకుకున్న కంపాస్ చూసి ఇదేంటని అడిగింది. మాస్టారు ఇరవై రెండేళ్ళ తర్వాత చెయ్యి చాచి దాన్ని తీశారు. సుద్దముక్క దూర్చి ఒక చెక్క మీద సున్నా గీశారు. బిగువు సరిగ్గానే ఉంది, నేను చెప్పగలను. చెయ్యే వణికింది. రబ్బరు కాలు కొంచెం జరిగింది.

పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"తాతా, నువ్వు గుడ్డు పెట్టావు."

మోసేటి మొహం పాలిపోయింది. కూతురి రెక్క పట్టుకోబోయాడు. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టి, నా చెక్కల దొంతి మీద కూలబడి, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వారు. అంత నవ్వు నేను ఆ నాలుగో ఫారం గదిలోంచే ఆఖరుసారి విన్నాను. తర్వాత కళ్ళు తుడుచుకుని, నవ్వు ఆపి, మోసేటి వైపు తిరిగారు.

"దీనికి కళ్ళు చూపించావా?"

"చూపించాను సార్, పోయిన నెలే. బాగానే ఉన్నాయన్నారు." మోసేటి అద్దాలు పైకి తోసుకుని చెక్క మీదికి వంగి చూశాడు. "మీరు గుడ్డే పెట్టారు సార్."